గ్యారంటీ ఎవరికి? కాచిగూడ గుమ్మటం కింద మా అమ్మ



ఈ భాగంలో ఇసామియా బజార్ బడి గురించి రాస్తానని మాట ఇచ్చాను. రాస్తాను. కాని ఈసారి అక్కడికి కాచిగూడ రైల్వే స్టేషన్ మీదుగా పోదాం. కారణం మా అమ్మ. పోస్టు కొంచెం పొడుగైంది, తీరిక చేసుకుని చదవండి.

మేముండేది ఖాజాగూడలో, ఫక్రుద్దీన్ బాబా దర్గా ఉన్న గుట్టల పక్కన. రెండు వందల యాభై కోట్ల ఏళ్ళ నాటి రాళ్ళని చెబుతారు. వాటిని కాపాడాలని కొట్లాడేవాళ్ళు ఉన్నారు, వాటి మీద ఆదివారం పొద్దున నడిచే గుంపులు ఉన్నాయి. మంచిదే. అలాంటి ఒక గుంపువాళ్ళు పాత కట్టడాల ఫోటోలు పెడితే ఫోన్లో చూస్తున్నాను. తెల్లటి గుమ్మటాలు, మినార్లు, కమాన్లు ఉన్న ఒక బిల్డింగ్ వచ్చింది. పక్కన కూచుని చిక్కుడుకాయలు ఈనెలు తీస్తున్న అమ్మ తొంగి చూసింది.

"యాడిది బిడ్డా ఈ నవాబు బంగ్లా?"

"బంగ్లా కాదమ్మా, కాచిగూడ టేషన్."

అమ్మ నమ్మలేదు. "కాచిగూడ టేషన్ల నేను ఎన్నిసార్లు పండుకోలే! ఇట్లుంటదా అది?"

ఆ మాట నాకు గుచ్చుకుంది. ఏళ్ళ తరబడి ఆ స్టేషన్లో దిగి, ఎక్కి, నేల మీద పడుకున్న మనిషి దాని గుమ్మటం చూడలేదు. ఎందుకు చూడలేదు? ఈ భాగమంతా ఆ ప్రశ్నకు జవాబే.

వచ్చిన ఆదివారమే అమ్మను తీసుకుని బయలుదేరాను. ఖాజాగూడ నుంచి ఆటోలో హైటెక్ సిటీ స్టేషన్ దాకా పోయి, అక్కడ ఫలక్‌నుమా వైపు పోయే ఎంఎంటీఎస్ ఎక్కాం. ఎంఎంటీఎస్ బండ్లు మొదలైంది 2003 ఆగస్టులో. హైటెక్ సిటీ అనే పేరు ఇంకా కొత్తది. కాని ఆ పట్టాల దారి మాత్రం పాతది. 1874 అక్టోబర్‌లో సికింద్రాబాద్ నుంచి వాడి దాకా మొదలైన రైలు దారి ఇదే. వాడి దగ్గర అది బొంబాయి, మద్రాసు పెద్ద లైనుకు కలుస్తుంది. అంటే ఐటీ కంపెనీలకు పోయే పిల్లలు ఇవాళ లాప్‌టాప్ బ్యాగులతో నిలబడే ప్లాట్‌ఫారం, సాలార్‌జంగ్ కాలంలో వేసిన దారి మీద ఉంది.

ఆ దారి ఎందుకు వేశారు? ఇంగ్లీషువాళ్ళకు సికింద్రాబాద్‌లో దండు ఉంది. ఆ దండుకు, సరుకుకు బొంబాయితో దారి కావాలి. ఖర్చు నిజాం సర్కారుది. ఆ ఖర్చు మోయడం కష్టమయ్యాక 1883లో లండన్ కంపెనీతో ఒప్పందం చేసుకున్నారు. అక్కడి నుంచే ఆ సంస్థకు "నిజామ్స్ గ్యారంటీడ్ స్టేట్ రైల్వే" అని పేరు.

ఈ గ్యారంటీ అనే మాట దగ్గర ఆగండి. గ్యారంటీ ఎవరికి? లండన్‌లో వాటాలు కొన్నవాళ్ళకు. రైలుకు లాభం వచ్చినా రాకపోయినా 20 ఏళ్ళ పాటు వాళ్ళ పెట్టుబడి మీద ఏటా 5 శాతం వడ్డీ ఇస్తామని సర్కారు పూచీ పడ్డది. ఆ వడ్డీ ఎక్కడి నుంచి కట్టాలి? సర్కారు ఖజానా నుంచి. ఆ ఖజానాకు పెద్ద ఆదాయం భూమి శిస్తు. శిస్తు కట్టే పంట ఎవరి చెమటతో పండింది? జీతగాళ్ళు, వెట్టివాళ్ళు, మన మాల మాదిగ వాడలు.

అప్పుడు అడిగినవాళ్ళు లేరని కాదు. చాందా రైల్వే పథకం పేరుతో జరుగుతున్న ఈ ఒప్పందం వివరాలు జనానికి చెప్పాలని 1883లో అఘోరనాథ్ చటోపాధ్యాయ, ముల్లా అబ్దుల్ ఖయ్యూం లాంటివాళ్ళు గొంతెత్తారు. సరోజినీ నాయుడు తండ్రి ఈ అఘోరనాథ్. ఆయనను నగరం నుంచి వెళ్ళగొట్టారు. ఆ ధైర్యానికి దండం పెడతాను. అయితే వాళ్ళు అడిగింది రాజ్యం సొమ్ము గురించి. కట్ట పోసినవాడి కూలి గురించి అడిగిన గొంతు ఆ చర్చలో నాకు వినబడదు. వడ్డీకి గ్యారంటీ పత్రం ఉంది. కూలీకి ఏ పత్రమూ లేదు.

బండి బేగంపేట దాటింది, సికింద్రాబాద్ వచ్చింది. అక్కడి స్టేషన్ పాత ముఖం ఇప్పుడు లేదు. కొత్త స్టేషన్ కడుతున్నారు, 2025 ఫిబ్రవరిలో పాత దాన్ని పడగొట్టారు. ఆ రోజుల్లో చాలామంది జ్ఞాపకాలు రాసుకున్నారు. నేనూ చదివాను. పెళ్ళి ప్రయాణాలు, కాలేజీ చేరడానికి వచ్చిన రోజులు, ప్లాట్‌ఫారం మీద చాయ. గుంపు మేస్త్రీ వెనక మూటతో దిగిన జ్ఞాపకం ఒక్కటీ నాకు కనబడలేదు. ఆ జ్ఞాపకాలున్నవాళ్ళు పోస్టులు రాయరు కదా.

సీతాఫల్‌మండి తర్వాత ఆర్ట్స్ కాలేజ్ స్టేషన్. అమ్మకు చెప్పాను, "ఈ యూనివర్సిటీనే అమ్మా, 1953 జనవరి 12న బాబాసాహెబ్‌కు గౌరవ డాక్టరేట్ ఇచ్చింది" అని. అమ్మ కిటికీలోంచి చెయ్యెత్తి దండం పెట్టుకుంది. తర్వాత జామై ఉస్మానియా, విద్యానగర్, కాచిగూడ.

దిగి బయటికొచ్చి, రోడ్డు అవతలికి తీసుకెళ్ళి, వెనక్కి తిప్పి, "ఇగ సూడు" అన్నాను.

అమ్మ చాలాసేపు ఏమీ అనలేదు.

1916 నాటి స్టేషన్ అది, ఆఖరి నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ కాలంలో కట్టింది. నడుమ పెద్ద గుమ్మటం, పక్కల చిన్నవి, మినార్లు, వరుస కమాన్లు. గీసింది విన్సెంట్ ఎష్ అనే ఇంగ్లీషు ఆర్కిటెక్టు. అంతకుముందు కలకత్తా విక్టోరియా మెమోరియల్ పనిలో ఉన్నాడు. ఇక్కడికొచ్చాక హైకోర్టు, సిటీ కాలేజీ, ఉస్మానియా దవాఖాన కూడా ఆయన చేతి మీదుగానే లేచాయి. ముందే అచ్చుల్లో పోసిన కాంక్రీటుతో ఈ స్టేషన్ కట్టారని, ఆ రోజుల్లో అది చాలా కొత్త పద్ధతని కట్టడాల చరిత్ర రాసినవాళ్ళు చెబుతారు. గోషా పాటించే పెద్దింటి ఆడవాళ్ళు ఎవరి కంటా పడకుండా బండి ఎక్కడానికి ప్రత్యేక ఏర్పాట్లు కూడా ఉండేవి.

ఇంకో సంగతి. కాచిగూడ అనే పేరు బుందేల్‌ఖండ్ నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడిన కాచీల నుంచి వచ్చిందంటారు. కూరగాయలు పండించి బతికే కులం వాళ్ళది. నిజాం పేరు, ఎష్ పేరు పుస్తకాల్లో ఉన్నాయి. బోర్డు మీద మాత్రం రోజూ వేలమంది చదివేది ఒక కష్టజీవుల కులం పేరే. ఎవరూ ఆ సంగతి తలచుకోరు, అంతే.

అమ్మ మెల్లగా నోరు తెరిచింది.

"పైకి ఎప్పుడు సూసినం బిడ్డా. నెత్తిన మూట, సంకన నువ్వు. మేస్త్రీ ముందల ఉరుకుతుండె. వాని ఎర్ర తువ్వాల సూసుకుంట నడుస్తుంటిమి. తప్పిపోతే గింత పట్నంల యాడ ఎతకాలె?"

1997 అది. నాకు నాలుగేళ్ళు. మాది పాలమూరు జిల్లాలో ఒక చిన్న ఊరు. మాకు కాచిగూడే పట్నం తలుపు. నిజాం కాలంలోనే మహబూబ్‌నగర్, గద్వాల వైపు మీటర్ గేజ్ లైను వేశారు. రాజ్యం ఆ లైను వేసింది మా కోసం కాదు. కాని కరువు వచ్చిన ప్రతిసారీ ఆ దారి మమ్మల్ని మోసుకొచ్చింది. పాలమూరు లేబర్ అంటే దేశమంతా తెలుసు. నాగార్జునసాగర్ మనవాళ్ళే, శ్రీశైలం మనవాళ్ళే. కట్ట పోసిన నీళ్ళు ఎక్కడికో పోయాయి, మా చేన్లు ఎండే ఉన్నాయి.

గుంపు మేస్త్రీ సంక్రాంతికి ముందే ఊరికి వచ్చి ఇంటికింత అడ్వాన్సు పంచేవాడు. ఆ డబ్బు పెళ్ళికో, దవాఖానకో, పాత బాకీకో పోయేది. తీసుకున్న రోజు నుంచి మన చేతులు మనవి కావు. వెట్టి కూలీ రద్దు చట్టం 1976లో వచ్చింది. అడ్వాన్సు మాత్రం రద్దు కాలేదు. పేరు మార్చుకుని బతికింది. వలస కూలీల కోసం 1979లో ఇంకో చట్టం చేశారు. అది రాష్ట్రం దాటిపోయేవాళ్ళకే. జిల్లా దాటి మాదాపూర్ వచ్చిన మాకు వర్తించలేదు. 1996లో భవన నిర్మాణ కార్మికుల చట్టం వచ్చింది. మేము వచ్చింది దాని తర్వాతి ఏడే. మా అమ్మ చేతిలో ఒక కార్డు పెట్టినవాళ్ళు లేరు.

మా నాయన సెంట్రింగ్ పనికి, అమ్మ కాంక్రీటు తట్ట మోయడానికి. 1998 నవంబర్ 22న ప్రధాని వాజపేయి వచ్చి సైబర్ టవర్స్ ప్రారంభించిన రోజు, అక్కడికి కొద్ది దూరంలో ఇంకో సైటులో మా అమ్మానాయనలు పనిలో ఉన్నారు. ఆ చలికాలంలోనే నాయన సారువ మీంచి జారి పడ్డాడు. నడుం విరిగింది. ఆ కంపెనీ పేరు, మేస్త్రీ పేరు రాయను. ఒక్కడి పేరు రాస్తే తప్పంతా వాడిదే అయిపోతుంది, ఆ పద్ధతి తప్పించుకుంటుంది. రెండు కట్ల మందులు ఇప్పించి, "ఊరికి తోలుకపో" అన్నారు. ఆ రాత్రి బండి దొరకలేదు.

"ఈడనే బిడ్డా," అమ్మ లోపలికి నడిచి ఒక కమాన్ కింద ఆగింది. "మీ నాయనను ఈడ పండుకోబెట్టిన. పొద్దుగాల దాక మూలుగుడే. నువ్వు ఆకలి ఆకలి అని ఏడిస్తే ఒకామె సగం రొట్టె ఇచ్చింది. ఊడ్షేటామె."

ఊడ్చే ఆమె. పేరు అమ్మకు తెలియదు. చేతిలో చీపురు ఉంది, అంతే గుర్తు.

మిత్రులారా, గోషా స్త్రీల కోసం చాటు ఆలోచించిన కట్టడం అది. దానిలో మా అమ్మ చీకటి ఉండగానే లేచి పట్టాల అవతలికి పోయి వచ్చేది, తెల్లారితే నలుగురి కళ్ళ ముందు పోవాలని భయపడి. నేను నిజాంను తిట్టడానికి ఈ మాట రాయడం లేదు. అదే కాలంలో బ్రాహ్మణ ప్రభువుల సంస్థానాలు మనకు ఏ వాకిలి తెరిచాయో కూడా తెలుసు. ఒక కట్టడాన్ని చూసేటప్పుడు అందులో ఎవరి మర్యాదకు జాగా పెట్టారో చూడాలంటున్నాను. కొలత అదే.

ఇప్పుడు ఇంకో వైపు కూడా చెప్పాలి. చెప్పకపోతే అబద్ధం అవుతుంది. రైలు మనకు మేలు చేసింది.

వెట్టి రోజులు తలచుకోండి. నిజాం రాజ్యంలో అధికారి ఊరికొస్తే అతని మంచం, పాత్రలు, పెట్టెలు మనవాళ్ళ నెత్తికెక్కేవి. పక్క ఊరి పొలిమేర దాకా మోయాలి. కూలి లేదు. కాదనే హక్కు లేదు. మన దారి ఎప్పుడూ పొలిమేర దాకానే. అలాంటి మనుషుల ముందుకు ఒక కిటికీ వచ్చింది. పైసలు పెట్టు, చీటీ ఇస్తాను, నీ కులం నాకెందుకు అంది. బహుశా మన తాతలు కులం చెప్పకుండా కొన్న మొదటి వస్తువు రైలు టికెట్టే అయి ఉంటుంది.

అయితే స్టేషన్ లోపల కులం చచ్చిపోలేదు. ఆ రోజుల్లో దేశంలోని స్టేషన్లలో హిందువులకు ఒక నీళ్ళ కుండ, ముసల్మానులకు ఒక కుండ. మనకు ఏ కుండా లేదు. ఇక స్టేషన్ బయట సంగతి బాబాసాహెబ్ తన జ్ఞాపకాల్లోనే రాశాడు. 1901లో, తొమ్మిదేళ్ళ పిల్లవాడిగా, అన్నతో, అక్క కొడుకులతో కలిసి తండ్రి దగ్గరికి బయలుదేరి మసూర్ స్టేషన్లో దిగాడు. మంచి బట్టలు వేసుకున్నారు. టికెట్టు ఉంది. తండ్రి తరఫున ఎవరూ రాలేదు. స్టేషన్ మాస్టరు ప్రేమగా పలకరించాడు. మహర్లమని పిల్లలు చెప్పగానే ముఖం మాడ్చుకుని లోపలికి పోయాడు. ఏ బండివాడూ ఎక్కించుకోలేదు. చివరికి రెండింతల కిరాయి ఇచ్చి, బండి తామే తోలుకుంటూ, బండివాడు పక్కన నడుస్తుండగా పోయారు. రాత్రంతా గుక్కెడు నీళ్ళు దొరకలేదు.

రైలు తెచ్చి దింపింది. ఊరు బండి ఎక్కించుకోలేదు. టికెట్టు ఎంతవరకు పనిచేస్తుందో అక్కడ తెలిసింది.

మన నిజాం రాజ్యంలోనూ అంతే. 1934లో ఆయన తన సహచరులతో దౌలతాబాద్ కోట చూడటానికి పోయి, దుమ్ము కొట్టుకున్న కాళ్ళూ ముఖమూ కోట వాకిలి దగ్గరి చెరువులో కడుక్కుంటే, నీళ్ళు మైల చేశారని కొట్లాటకు వచ్చారు. ఈసారి వచ్చింది ముసల్మానులు. పాత కట్టడాలు చూడటానికి పోయిన మనవాళ్ళకు దక్కిన మర్యాద అది. అందుకే "హెరిటేజ్ వాక్" అనే మాట వినగానే నాకు ఆ చెరువు గుర్తుకొస్తుంది.

స్టేషన్ నుంచి అమ్మా నేనూ ఇసామియా బజార్ వైపు నడిచాం. మాట ఇచ్చిన చోటు. పెద్ద దూరం కాదు. భాగ్యరెడ్డి వర్మ, అసలు పేరు మాదరి భాగయ్య, 1888లో ఈ నగరంలోనే పుట్టాడు. 1906లో జగన్ మిత్ర మండలి పెట్టాడు. 1910లో ఇసామియా బజార్‌లో, కాచిగూడ పక్కనున్న లింగంపల్లిలో మన పిల్లల కోసం బడులు తెరిచాడు. లెక్క చూడండి. కాచిగూడ గుమ్మటం లేవడానికి 6 ఏళ్ళ ముందే మన బడి లేచింది. గ్యారంటీ లేదు, లండన్ వాటాలు లేవు, ఆర్కిటెక్టు లేడు. చందాలతో నడిచింది. తర్వాత అలాంటి బడులు 26 దాకా పెరిగాయి.

1917 నవంబర్‌లో బెజవాడలో జరిగిన పంచమ మహాసభకు అధ్యక్షుడు ఆయనే. హైదరాబాద్, బెజవాడ మధ్య రైలు 1889 నుంచీ ఉంది. పొలిమేర దాటనివ్వని కులాలు రెండు రాజ్యాల నుంచి వచ్చి ఒక చోట కూడగలిగాయంటే, ఆ పట్టాలకూ అందులో వాటా ఉంది. ఆ మూడు రోజులూ కనకదుర్గ గుడి తలుపులు మూసేశారు, పంచములు వస్తారేమోనని. స్టేషన్ తలుపు తెరిచే ఉంది, గుడి తలుపు మూసుకుంది. పంచములం కాదు, ఈ నేల తొలి మనుషులం, ఆది ఆంధ్రులం అని ఆ సభ తేల్చి చెప్పింది. 1931 జనాభా లెక్కల్లో నిజాం సర్కారు మనల్ని ఆది హిందువులని రాయక తప్పలేదు.

తిరిగి స్టేషన్‌కు వచ్చేసరికి సాయంత్రమైంది. ప్లాట్‌ఫారం చివర నీలం చీరల మీద కోటు తొడుక్కున్న ఇద్దరు ఆడవాళ్ళు పట్టాల పక్కన చెత్త ఎత్తుతున్నారు. అమ్మ వాళ్ళ వైపే చూస్తోంది. ఆ రొట్టె ఇచ్చిన మనిషి ముఖం వెతుక్కుంటోందని నాకు తెలుసు.

బండ్లలోంచి నేరుగా పట్టాల మీద పడే మలాన్ని దశాబ్దాల పాటు ఎత్తింది ఎవరు? మన కులాలే. మలం ఎత్తే పనిని నిషేధిస్తూ 1993లో చట్టం వచ్చింది, 2013లో ఇంకోటి వచ్చింది. బెజవాడ విల్సన్ అన్న నాయకత్వంలో సఫాయి కర్మచారి ఆందోళన్ కోర్టులో కొట్లాడితే, 2014 మార్చిలో సుప్రీంకోర్టు రైల్వేను కూడా గడువు పెట్టుకుని ఈ పని ఆపమంది. ఆ తర్వాతి ఏళ్ళలో బోగీలన్నిటికీ బయో టాయిలెట్లు పెట్టుకుంటూ వచ్చారు. మంచిదే. కాని చీపురు ఏ చేతిలో ఉందో చూడండి. 1874లో వాడి లైను, 1930లో నిజాం సర్కారు రైల్వేను కంపెనీ నుంచి తీసుకోవడం, 1951లో భారత రైల్వేలో కలవడం, 1966లో దక్షిణ మధ్య రైల్వే. యజమాని ఇన్నిసార్లు మారాడు. చీపురు కులం మారలేదు.

బండి కోసం కూచున్నప్పుడు అమ్మ మళ్ళీ అడిగింది. "ఎవరు కట్టిన్రు అన్నవు దీన్ని?"

నిజాం పేరు చెప్పాను, ఎష్ పేరు చెప్పాను.

"వాళ్ళు కట్టిపిచ్చిన్రు. నేనడిగేది మోసినోళ్ళను. ఆ గుమ్మటం మీదికి తట్టలు ఎక్కిచ్చినోళ్ళకు పేర్లు లేవా?"

తట్ట మోసిన మనిషి గుమ్మటాన్ని చూసే చూపు అది. ఎత్తు చూడగానే ఆమెకు ఎన్ని తట్టలో, ఎన్ని మెట్లో లెక్క తెలుస్తుంది. నాకు జవాబు లేదు. పుస్తకాల్లో గుమ్మటం ఉంది, తట్ట లేదు. వందేళ్ళ తర్వాత ఎవరో వచ్చి మాదాపూర్ అద్దాల టవర్లను పాత కట్టడాలంటూ చూపిస్తారు. ముఖ్యమంత్రి పేరు చెబుతారు, కంపెనీ పేరు చెబుతారు. అప్పుడు మా అమ్మ పేరు కూడా ఉండదు.

అందుకే ఇవాళే రాస్తున్నాను. మా అమ్మ పేరు ఎల్లమ్మ. కాంక్రీటు తట్టలు మోసింది. మా నాయన నర్సయ్య. సెంట్రింగ్ కొట్టాడు, నడుం విరిగి 11 ఏళ్ళు మంచంలో ఉండి పోయాడు. కాచిగూడ స్టేషన్లో ఒక రాత్రి మాకు సగం రొట్టె ఇచ్చిన సఫాయి తల్లి పేరు తెలియదు.

మిత్రులారా, ఒక పని చేయండి. మీ ఇంట్లో పెద్దవాళ్ళను అడగండి. మొదటిసారి ఏ స్టేషన్లో దిగారు, ఎవరి వెనక వచ్చారు, ఏం మోశారు, ఎక్కడ పడుకున్నారు. వాళ్ళ మాటల్లోనే రికార్డు చేయండి. పేరు, ఊరు, ఏడాది తప్పకుండా రాసిపెట్టండి. సర్కారు కొత్త స్టేషన్లలో గోడల మీద చరిత్ర బొమ్మలు వేయిస్తోంది. ఆ గోడల మీద మనకూ జాగా అడుగుదాం. అడిగే రోజు మన చేతిలో పేర్ల పట్టీ ఉండాలి.

ఇంటికొచ్చి ఆ ఫోటో మళ్ళీ తీసి అమ్మకు ఇచ్చాను. ఈసారి నమ్మింది. గుమ్మటం కింద ఒక కమాన్ మీద వేలు పెట్టి, "ఈడ" అంది.

వచ్చే భాగంలో లాలాగూడ రైల్వే వర్క్‌షాప్, అక్కడి మన బస్తీలు.

జై భీమ్.